గుండెలో క్రమం లేదన్నాడు

నాకు పదిహేనేళ్లున్నప్పుడు చిత్తూరులో మా ఇంటి డాక్టరు నా గుండె చెడిపోయిందని చెప్పాడు. అది చెడిపోలేదు. ఆ సంగతి తెలియడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్ల గురించి ఎవరైనా "పోనీలేమ్మా, ఎప్పటి మాటో" అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా నాయనకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. ముగ్గురు మగపిల్లల తర్వాత పుట్టిన ఆడపిల్లనని నన్ను గారాబంగానే పెంచాడు. నేను పరిగెత్తేదాన్ని. గర్ల్స్ హైస్కూలు మైదానంలో, చెప్పులు లేని కాళ్లతో, లంగా పైకి దోపుకుని, నా వయసు పిల్లలెవరికీ అందకుండా పరిగెత్తేదాన్ని. జిల్లా పోటీల్లో గెలిచాను. డెబ్భైల మొదట్లో సంగతి ఇది. రాష్ట్ర పోటీలకు హైదరాబాదు పంపాలని మా డ్రిల్లు టీచరమ్మ పట్టుబట్టింది. నాయన ఒప్పుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సంతకం ఒకటి కావాలన్నారు. ఆ సంతకం కోసమే పోయాం.

ఆ డాక్టరు మా ఇంట్లో అందరికీ మందిచ్చినవాడు. నాయనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు బతికించినవాడు. ఆయన ఎదుట నాయన కుర్చీలో కూడా సరిగ్గా కూర్చునేవాడు కాదు, అంచున కూర్చునేవాడు. డాక్టరు నా మణికట్టు పట్టుకుని గాలి బాగా పీల్చమన్నాడు. పీల్చాను. వదలమన్నాడు. మళ్లీ పీల్చమన్నాడు. ఆయన నుదురు ముడిపడింది.

"మోకాళ్లు నొప్పి పుడతాయా పాపా?"

"పుడతాయి సార్. బాగా ఉరికిన రోజు."

ఆయన కొత్తగా తెప్పించుకున్న ఈసీజీ మిషను ఒకటి లోపలి గదిలో ఉండేది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, చల్లటి జిగురేదో పూసి, కాగితం పట్టీ తీశాడు. నాయనను పిలిచి ఆ గీతల మధ్య దూరాన్ని బొటనవేలి గోరుతో చూపించాడు.

"ఈడ సూడండి, దగ్గర దగ్గరగా ఉండాయి. ఈడ సూడండి, దూరం దూరంగా ఉండాయి. గుండెలో క్రమం లేదు. కీళ్లవాతం గుండెకు పాకింది."

"ఉరకొచ్చునా సార్?" అని అడిగాడు నాయన. ఆ వేళకే గొంతు మారిపోయింది.

డాక్టరు నవ్వాడు. "ఉరకడమా? మెట్లెక్కేది కూడా తగ్గించాల."

నాయన చెల్లెలొకామె పంతొమ్మిదేళ్లకే పోయింది. నీళ్ల బిందె ఎత్తుకుని నిలబడిన మనిషి నిలబడినట్టే కూలిపోయిందని అవ్వ చెప్పేది. గుండె అన్న మాట వినగానే నాయనకు ఆమే కళ్ల ముందు కనబడి ఉంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గదు.

ఆ రోజు నుంచి నెలకొక ఇంజెక్షను. తెల్లగా, చిక్కగా, సూదిలోంచి దిగనని మొరాయించే మందు. వేసిన కాలు రెండు రోజులు ఈడ్చుకుంటూ నడిచేదాన్ని. నా సైకిలును మేనమామ కొడుక్కి ఇచ్చేశారు. బిందె ముట్టనిచ్చేవాళ్లు కాదు. మేడ మీద నుంచి నా పడక కిందికి దించారు. ఇంటికి ఎవరొచ్చినా అవ్వ గొంతు తగ్గించి, "దానికి బాగలేదు" అనేది. ఏం బాగలేదో చెప్పేది కాదు. చెబితే రేపు సంబంధాలు రావని భయం.

డ్రిల్లు టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. వసారాలో నిలబడే మాట్లాడింది.

"ఇంకొక డాక్టరుకు సూపించండన్నా. వేలూరు ఎంత దూరం? పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేస్తారు."

"వేలూరుకు పోతే ఊరంతా తెలుస్తాదమ్మా," అన్నాడు నాయన. "మా డాక్టరుకు తెలిస్తే ఏమనుకుంటాడు? నా మీద నమ్మకం లేదా అనుకోడా?"

తలుపు వెనక నిలబడి ఆ మాట విన్నాను. నా గుండె గురించి మాట్లాడుకుంటున్నారు, బాధ మాత్రం డాక్టరు మనసు గురించి. టీచరమ్మ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. హైదరాబాదుకు నా బదులు వేరే పిల్ల పోయింది.

అన్నింటికన్నా ఘోరం నాకు నేను చేసుకున్నది. మంచం మీద పడుకుని నా నాడి నేనే పట్టుకునేదాన్ని. పెద్దగా ఊపిరి తీస్తే కొట్టుకోవడం తొందరవుతుంది, వదిలితే నిదానిస్తుంది. డాక్టరు చెప్పిన జబ్బు నా వేలి కింద నాకే తెలుస్తోంది కదా అని వణికిపోయేదాన్ని. తర్వాత కనిపెట్టాను, కొంచెం కొంచెంగా, గొంతు వరకే ఊపిరి తీసుకుంటే నాడి సమానంగా ఉంటుందని. అప్పటి నుంచి అట్లాగే పీల్చడం అలవాటు చేసుకున్నాను. ఏళ్ల తరబడి కడుపు నిండా గాలి పీల్చని ఆడపిల్ల ఒకతె ఆ ఇంట్లో తిరిగిందని ఎవరికీ తెలియదు.

కూర్చుని చేసే పని చదువొక్కటే కాబట్టి నన్ను చదివించారు. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరాను. హాస్టలులో కింది అంతస్తు గదే కావాలని నాయన వార్డెనమ్మను రెండుసార్లు కలిశాడు. మా డాక్టరు చేత అక్కడి నర్సు పేరు మీద చీటీ రాయించుకొచ్చి తిరుపతిలోనూ ఇంజెక్షను తప్పకుండా వేయించే ఏర్పాటు చేశాడు.

మా డిపార్టుమెంటులో నాయుడుపేట నుంచి వచ్చిన అక్క ఒకామె పరిశోధన చేస్తుండేది. ఊపిరికీ నాడికీ ఉన్న సంబంధం ఆమె విషయం. వేలికి చిన్న దీపమూ వెలుతురును పసిగట్టే బిళ్లా ఉన్న క్లిప్పు ఒకటి తగిలించి, ఛాతీ చుట్టూ రబ్బరు పట్టీ కట్టి, కదిలే కాగితం మీద రెండు కలాలతో రెండు గీతలు గీయించేది. ఒక గీత ఊపిరిది. ఇంకొకటి గుండె వేగానిది. ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లలు కావాలని ఒకరోజు మా క్లాసుకు వచ్చి అడిగింది. అందరూ చేతులెత్తారు, నేను తప్ప.

"నువ్వేంది, భయమా?" అంది.

"నేను పనికిరాను అక్కా. నాకు గుండె జబ్బు."

"ఏం జబ్బు?"

"కొట్టుకునేది సమానంగా ఉండదు."

ఆమె నన్ను పైనుంచి కింది వరకూ చూసింది. "రా, ఒకసారి సూద్దాం" అని లాబుకు తీసుకుపోయింది.

క్లిప్పు పెట్టింది, పట్టీ కట్టింది, గాలి పీల్చమంది. నేను నా అలవాటు ప్రకారం గొంతు వరకే పీల్చాను.

"ఏందది, పిల్లి పాలు నాకినట్టు? కడుపు నిండా పీల్చు."

పీల్చాను. ఊపిరి గీత పైకి లేచింది. దాని పక్కన గుండె వేగం గీత కూడా పైకి లేచింది. వదిలాను. రెండూ దిగాయి. మళ్లీ పీల్చితే మళ్లీ లేచాయి. అక్కచెల్లెళ్లు చేతులు పట్టుకుని నడిచినట్టు రెండు గీతలూ ఒకదాన్నొకటి విడవకుండా కాగితం పొడుగునా పోయాయి. నేను చెమట పట్టి, "సూసినావా అక్కా, నేను చెప్పలా?" అన్నాను.

ఆమె క్లిప్పూ పట్టీ నాకు తీసి తనకు పెట్టుకుంది. గాలి పీల్చింది. ఆమె గీతలూ లేచాయి. నా అంత ఎత్తు కాదు గానీ, లేచాయి.

"అందరికీ ఇంతే," అంది. "గాలి పీల్చితే గుండె తొందరపడతాది, వదిలితే నిదానిస్తాది. చిన్న వయసులో బాగా తెలుస్తాది. ఆటలాడే పిల్లలకు ఇంకా ఎక్కువ. నీకు ఎవురు చెప్పినారు ఇది జబ్బని?"

సంతోషం కలగలేదు. ఆ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. నాకు మొదట వచ్చింది కోపమే. కాళ్ల నుంచి లేచి తల దాకా వచ్చింది. కాలు ఈడ్చిన రోజులన్నీ, ఇచ్చేసిన సైకిలు, మైదానం గోడ అవతల నుంచి విన్న విజిళ్లు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. బల్ల మీదున్న కాగితం చుట్టను విసిరికొట్టాను. అక్క దాన్ని ఏరి, దుమ్ము దులిపి, "నేను డాక్టరును కాదు. నీకు వేరే ఏదైనా ఉండాదేమో రేపు ఆస్పత్రిలో సూపిద్దాం" అంది.

తిరుపతి ఆస్పత్రిలో పెద్ద డాక్టరొకాయన నన్ను చాలాసేపు పరీక్ష చేశాడు. వీపు మీద, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. మెట్లు ఎక్కించి దింపించి మళ్లీ విన్నాడు. ఎక్స్‌రే తీయించాడు. చివరికి, "గుండెలో ఏ తేడా లేదమ్మా. కీళ్లవాతం వచ్చిన గుర్తులే లేవు. ఆ ఇంజెక్షన్లు ఆపేయి" అన్నాడు. ఎంతకాలంగా వేస్తున్నారని అడిగాడు. చెప్పాను. ఆయన తల దించుకుని ఏదో రాసుకున్నాడు.

చిత్తూరు పోయి చెబితే అమ్మ ఏడ్చింది. అవ్వ దిష్టి తీసింది. నాయన ఎంత సంతోషపడ్డాడంటే, ఆ సాయంత్రమే మైసూరుపాకు పొట్లం కట్టించుకుని నన్ను వెంటబెట్టుకుని మా డాక్టరు దగ్గరికి బయలుదేరాడు. నిలదీయడానికి పోతున్నాడనుకున్నాను. మిఠాయి ఎందుకో నాకు దారిలో అర్థం కాలేదు.

నాయన పొట్లం బల్ల మీద పెట్టాడు. "మీ చలవ సార్. తిరుపతి పెద్ద డాక్టరు పాపకు ఏమీ లేదన్నాడు. గుండె శుభ్రంగా ఉండాదంట."

డాక్టరు పొట్లం విప్పి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "సూసినారా? ఇన్నేండ్లు విడవకుండా ఇంజెక్షన్లు ఏయించినాము కాబట్టి నయమైంది. నడుమ ఆపుంటే ఈ పాప మీకు దక్కేది కాదు."

నాయన చేతులు జోడించాడు.

నేను లేచి నిలబడ్డాను. "నాకు నయం కాలేదు సార్," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"అప్పుడు ఎట్లా కొట్టుకుంటా ఉండిందో ఇప్పుడూ అట్లే కొట్టుకుంటా ఉండాది. పట్టుకోని సూడండి." చెయ్యి చాపాను.

చిన్నపిల్ల సరదా తీరుస్తున్నట్టు నవ్వుతూ పట్టుకున్నాడు. నేను కడుపు నిండా గాలి పీల్చి వదిలాను. మళ్లీ పీల్చి వదిలాను. ఆయన నవ్వు ఆగిపోయింది. నుదురు మళ్లీ ముడిపడింది. చెయ్యి వదిలేశాడు.

"కొంచెం మిగిలుండాది," అన్నాడు నాయనతో. "ఇంకో రెండేండ్లు ఏయించేది మేలు."

"ఇప్పుడే కదా నయమైందన్నారు?"

"చదువుకున్న పిల్లవు, వాదించేది నేర్చినావు."

"గాలి పీల్చితే అందరి గుండె తొందరపడతాది సార్. మీ పిల్లోళ్లదీ పడతాది. మీరే నన్ను గాలి పీల్చమన్నారు. పీల్చినందుకు జబ్బని రాసినారు."

నాయన నా కొంగు పట్టి లాగాడు. డాక్టరు మాత్రం గొంతు పెంచలేదు. "నీ మంచికే కదమ్మా చెప్పినా. ఏం పోయింది నీకు? ఇంట్లో బాగా చూసుకున్నారు, చదివించినారు. ఏం పోయింది?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. కానీ మాటకన్నా ముందు కన్నీళ్లు వచ్చాయి. అవి కోపానివి. ఆ ఇద్దరు మగవాళ్లూ నేను పశ్చాత్తాపపడి ఏడుస్తున్నాననుకున్నారు. డాక్టరు నాకు మైసూరుపాకు ముక్క ఒకటి అందించాడు కూడా.

ఇంటికి వస్తూ నాయన, "పెద్దాయన్ను అట్లా నిలదీస్తారామ్మా?" అన్నాడు. కాసేపటికి, "పోనీ ఇంకో రెండేండ్లు ఏయించుకుంటే పోయేదేముండాది?" అన్నాడు. సూది పట్టుకుని ఎవరు నా దగ్గరికి వచ్చినా చెయ్యి కొరుకుతానని చెప్పాను. ఇంజెక్షన్లు ఆగాయి.

తిరుపతి తిరిగొచ్చాక ఒక పొద్దున మైదానానికి పోయి పరిగెత్తి చూశాను. సగం చుట్టుకే ఆయాసం వచ్చింది. పిక్కలు పట్టేశాయి. గుండె బాగానే ఉంది. ఆరేళ్లు మంచం మీద కూర్చున్న కాళ్లు మాత్రం నావి కాకుండా పోయాయి. మైదానం మధ్యలో కూర్చుని గడ్డి పీకుతూ డాక్టరును నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను.

ఎమ్మెస్సీ అయ్యాక అదే లాబులో పరిశోధనకు చేరాను. ఇష్టంతో చేరానని అందరికీ చెప్పాను. నిజానికి కోపంతో చేరాను. పడుకున్న మనిషి లేచి నిలబడినప్పుడు గుండె వేగం ఎట్లా మారుతుంది అన్నది నా విషయం. ఆ మార్పులో ఊపిరితో కదిలే అల ఒకటి ఉంటుంది, ఇంకా నిదానంగా, రక్తపోటుతో ముడిపడి కదిలే అల ఇంకొకటి ఉంటుంది. పడుకున్నప్పుడు మొదటిది పెద్దది. నిలబడగానే అది కుంగి రెండోది లేస్తుంది. మొత్తం రికార్డుకు ఒకేసారి లెక్క కడితే ఏయే అలలున్నాయో తెలుస్తుంది గానీ, ఏది ఎప్పుడు లేచిందో ఎప్పుడు పడిందో తెలియదు. పాటలో ఏ స్వరాలున్నాయో చెప్పి, వాటి వరుస చెప్పనట్టు. అందుకని రికార్డును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక ముక్క చివర ఇంకో ముక్క మీదికి వచ్చేటట్టు పేర్చి, ఒక్కొక్కదానికీ విడిగా లెక్క కట్టాలన్నాను. స్కేలుతో కొలిచి, అంకెలు కార్డుల మీద చిల్లులుగా గుచ్చించి, కంప్యూటరు వంతు కోసం రోజుల తరబడి కూర్చోవాలి.

మా గైడుకు అది నచ్చలేదు. "ఎందుకమ్మా ఇంత చాకిరీ? సగటు తీసి పడేయి. హెచ్చుతగ్గులు పరికరం దోషమని రాసెయ్యి."

"హెచ్చుతగ్గులే గుండె సార్," అని అరిచాను. లాబులో అందరూ తలెత్తి చూశారు. ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. నా పద్ధతిలోనే చేశాను.

ఎనభైల మొదట్లో ఒకసారి అమ్మా నాయనా కొండకు పోతూ తిరుపతిలో దిగి, నా లాబు చూస్తామన్నారు. నాయన అన్నీ తిప్పి తిప్పి చూసి, "నాకూ పెట్టు సూద్దాం" అని బల్ల మీద పడుకున్నాడు. క్లిప్పు పెట్టాను, పట్టీ కట్టాను. "కడుపు నిండా పీల్చు నాయనా," అన్నాను. ఊపిరి గీత కొండలా లేచింది. గుండె గీత కదల్లేదు. మళ్లీ పీల్చమన్నాను. కదల్లేదు. పరికరం పాడైందేమోనని నా వేలికి పెట్టుకు చూశాను, బాగానే ఉంది. వయసుతో ఆ అల తగ్గుతుందని తెలుసు గానీ ఇంతగా పోవడం నేను చూడలేదు. ఆయన్ను లేచి నిలబడమన్నాను. నిలబడి తూలి బల్ల పట్టుకున్నాడు. అప్పటికీ ఆ గీత అట్లాగే ఉంది.

నాయన కాగితం చూసి మురిసిపోయాడు. "సూడు, స్కేలు పెట్టి గీసినట్టుండాది. మా డాక్టరు ఎప్పుడూ అంటాడు, నీ నాడి గడియారం మాదిరి నడస్తాది అని."

నేను కాగితం పక్కన పెట్టాను. "నిలబడితే కళ్లు తిరగతాయా నీకు?"

"వయసైంది గదా. అరికాళ్లు కూడా మంటగా ఉంటాయి. మా డాక్టరు బలానికి బిళ్లలిచ్చినాడు, పూసుకునేదానికి ఆయింటుమెంటిచ్చినాడు."

"ఎన్నాళ్ల నుంచి?"

"శానా ఏండ్లయింది."

కొండకు పోవడం మానిపించి, నన్ను చూసిన ఆ పెద్ద డాక్టరు దగ్గరికే తీసుకుపోయాను. రక్తం తీశారు. చక్కెర జబ్బు. ఏళ్ల నుంచి ఉండి ఉంటుందన్నాడు. అరికాళ్లలో గుండుసూదితో గుచ్చితే నాయనకు తెలియలేదు. నరాలు దెబ్బతిన్నాయనీ, గుండె వేగాన్ని మార్చే నరాలు కూడా అందులో ఉన్నాయనీ ఆయన చెప్పాడు. ఒక్క రక్తపరీక్ష చేయించి ఉంటే ఎప్పుడో తెలిసేది. మా డాక్టరు కదిలే గుండెను చూసి జబ్బన్నాడు. కదలడం మానేసిన గుండెను చూసి గడియారమన్నాడు.

ఆ మధ్యాహ్నమే చిత్తూరు బస్సెక్కుతానన్నాను. మా డాక్టరు బల్ల మీద ఈ కాగితం పరిచి, వీధి వినేటట్టు అడుగుతానన్నాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దమ్మా. ఆయన మనసు నొస్తాది."

"నా మనసు నాయనా?"

ఆయన అర్థం కానట్టు చూశాడు. అమ్మ మధ్యలో వచ్చి, ముందు మందులు కొనుక్కుందాం పదమంది.

మందులు పనిచేశాయి. అన్నం తగ్గించాడు. అరికాలి మంట పూర్తిగా పోలేదు గానీ మనిషి నిలదొక్కుకున్నాడు, మండీకి పోగలిగాడు. చిత్తూరులోనే వేరే డాక్టరు దగ్గర చూపించుకోవడం మొదలుపెట్టాడు. ఆ సంవత్సరం సెలవులకు ఇంటికి పోయినప్పుడు నేనూ ఆయనతో ఆ కొత్త డాక్టరు దగ్గరికి రిక్షాలో బయలుదేరాను. బజారు దాటగానే నాయన ముందుకు వంగి రిక్షా అతని భుజం తట్టాడు.

"ఆ వీధి వద్దప్పా, ఇట్లా తిప్పుకోని పో. పాత డాక్టరు అరుగు మీద కూర్చోని ఉంటాడు. ఆయనకు నా మొగం ఎట్లా సూపించేది?"

చాలా దూరం చుట్టు తిరిగి పోతున్నాం. నాయన ముఖం దించుకుని కండువా కొసతో తుడుచుకున్నాడు. ఆయన నిజంగానే సిగ్గుపడుతున్నాడు. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. నా ముందర ఆయన ముఖం అట్లా ఒక్కసారీ దించుకోలేదు. దించుకోవాలని ఆయనకు తోచలేదు.

"నన్ను ఈడ దింపేయప్పా," అన్నాను. రిక్షా ఆగింది. దిగి, నాయన పిలుస్తున్నా వెనక్కి తిరగకుండా, ఎండలో ఇంటి వైపు నడిచాను.